సీసం – బిడ్డల మతి

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అక్కచెల్లెళ్ళ కోసం ఒక ప్రసంగం)



అక్షరాలు దిద్దిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. రాత్రి దిద్దిన అక్షరం తెల్లారేసరికి గుర్తుకు రాదు. ఇది 'మ'నా, 'య'నా అని పలక ముందు పెట్టుకుని కూర్చుంటారు. "నా బుర్రకు ఎక్కదులే" అని విసుక్కుంటారు. అయినా పట్టు విడవలేదు. ఈరోజు ఈ పుస్తకం చదువుతున్నారు.

అదే మాట ఒక బిడ్డను అన్నామనుకోండి. "వీడు మొద్దు. వీడికి చదువు రాదు" అని అయ్యవారు అంటాడు. నాయన అంటాడు. ఒక్కోసారి అమ్మే అంటుంది. నాలుగేళ్ళు ఆ మాట వింటే బిడ్డ కూడా నమ్మేస్తాడు. బడి మానేసి మేకల వెంట పోతాడు. వాడు నిజంగా మొద్దేనా? లేక వాడి మతిని ఏదైనా తింటా ఉందా? ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

మతిమరుపుకు కారణాలు చాలా ఉన్నాయి. రక్తం తక్కువైతే మరుపు వస్తుంది. నిద్ర చాలకపోయినా, దిగులు పడినా, థైరాయిడ్ జబ్బున్నా వస్తుంది. బిడ్డకు చెవి సరిగా వినపడకపోయినా, చూపు ఆనకపోయినా పాఠం ఎక్కదు. కాబట్టి ప్రతి మరుపునూ ఒకే గాట కట్టకూడదు. కానీ ఎవరికీ తట్టని కారణం ఒకటి ఉంది. దాని పేరు సీసం.

సీసం అంటే సీసా కాదు. సీసా గాజుది. సీసం ఒక లోహం. ఇనుము, రాగి, ఇత్తడి లాగా ఇదీ ఒకటి. బూడిద రంగులో ఉంటుంది. చాలా బరువు. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. కట్టెల పొయ్యి మీదే కరిగిపోతుంది. చవకగా దొరుకుతుంది, సులువుగా కరుగుతుంది. అందుకే మనిషి దీన్ని వేల ఏళ్ళుగా వాడుతున్నాడు. పెన్సిలు ముల్లును ఇంగ్లీషులో 'లెడ్' అంటారు. లెడ్ అంటే సీసమే. కానీ పెన్సిల్లో సీసం ఉండదు. అది బొగ్గు జాతి పదార్థం. బిడ్డ పెన్సిలు కొరికాడని భయపడక్కర్లేదు.

కేక వేసి వచ్చే రోగం, చప్పుడు లేని రోగం

మన రాష్ట్రంలోనే ఏలూరు పట్నం ఉంది. 2020 డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఒక వింత జరిగింది. నడుస్తున్న మనిషి నడుస్తున్నట్టే పడిపోయాడు. పిల్లలు, పెద్దలు, ఆడవాళ్ళు, మగవాళ్ళు అని లేదు. ఫిట్స్ వచ్చాయి. నోట నురగ వచ్చింది. కొందరికి కాసేపు ఏమీ గుర్తులేదు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి వాళ్ళు రక్తం పరీక్ష చేశారు. రక్తంలో సీసం, నికెలు అనే లోహాలు కనిపించాయి. ఆ తర్వాత నిపుణుల బృందాలు ఇంకా వెదికాయి. పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం అయి ఉంటాయని చెప్పాయి.

ఆ నెలలో సీసం పేరు పేపర్లలో, టీవీల్లో మారుమోగింది. తర్వాత అందరూ మర్చిపోయారు. అసలు కథ మాత్రం అక్కడే ఉంది. ఏలూరు రోగం కేక వేసి వచ్చింది. కాబట్టి డాక్టర్లు పరుగెత్తారు, మంత్రులు వచ్చారు. సీసం మామూలుగా అట్లా రాదు. అది చప్పుడు చెయ్యదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం మీకు తెలుసు. 1915 నుంచి అక్కడ క్షయరోగులకు వైద్యం చేశారు. క్షయ వస్తే మనిషి దగ్గుతాడు, చిక్కిపోతాడు, జ్వరం వస్తుంది. ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతుంది. కొద్ది కొద్దిగా సీసం చేరిన బిడ్డకు దగ్గు లేదు, జ్వరం లేదు. తింటాడు, ఆడతాడు. పాఠం మాత్రం నిలవదు. చెప్పిన పని మధ్యలో మర్చిపోతాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోడు. చిన్నదానికే కోపం తెచ్చుకుంటాడు. దీన్ని ఎవరు రోగం అంటారు? "పొగరు" అంటారు. "సోమరి" అంటారు.

సీసం మెదడులో ఏం చేస్తుంది?

మన తలలో మెదడు ఉంది. అందులో కోట్ల కోట్ల కణాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య చిన్న చిన్న వాకిళ్ళు ఉంటాయి. కొత్త సంగతి నేర్చుకున్నప్పుడల్లా ఆ వాకిళ్ళు తెరుచుకుంటాయి. మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటే ఆ సంగతి గట్టిపడుతుంది. దాన్నే జ్ఞాపకం అంటాం. పది సార్లు దిద్దితే అక్షరం నిలిచేది ఇందుకే.

ఆ వాకిలి గుండా లోపలికి పోవాల్సింది కాల్షియం. కాల్షియం అంటే మీకు తెలుసు. పాలలో ఉంటుంది, రాగుల్లో ఉంటుంది, ఎముకకు బలం ఇస్తుంది. అదే మెదడులో కబురు మోస్తుంది.

సీసం చూడ్డానికి శరీరానికి కాల్షియం లాగే కనిపిస్తుంది. తాళానికి దొంగ చెవి ఉంటుంది కదా, అట్లాంటిది. అది తాళంలోకి దూరుతుంది. తిరగదు, బయటికి రాదు. అసలు చెవి వచ్చినా దూరడానికి చోటుండదు. కబురు ఆగిపోతుంది. నేర్చుకున్నది గట్టిపడదు. మెదడు లోపల, చెవులకు ఎదురుగా లోతున, జ్ఞాపకాల కోసం ఒక చిన్న భాగం ఉంది. సీసం దెబ్బ అక్కడ బాగా తగులుతుంది.

పెద్దవాళ్ళు సీసం మింగితే పదింట ఒక వంతు ఒంటికి పడుతుంది. మిగతాది బయటికి పోతుంది. చిన్నబిడ్డకు దాదాపు సగం ఒంటికి పడుతుంది. పైగా చిన్నబిడ్డ నేల మీద పాకుతాడు. దొరికింది నోట్లో పెట్టుకుంటాడు. మెదడు ఎదిగే వయసూ అదే. ఆరేళ్ళ లోపు బిడ్డలకు ప్రమాదం ఎక్కువ అనేది ఇందుకే.

రక్తంలో చేరిన సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. అమ్మయ్య అనుకోకండి. అందులో కొంత ఎముకల్లోకి పోయి దాక్కుంటుంది. పది ఏళ్ళు, ఇరవై ఏళ్ళు అక్కడే ఉంటుంది. ఆడమనిషి గర్భవతి అయినప్పుడు కడుపులో బిడ్డకు కాల్షియం కావాలి. తల్లి తిండిలో చాలకపోతే ఎముక కరిగి ఇస్తుంది. ఎముకతో పాటు సీసమూ కదులుతుంది. తల్లి చిన్నప్పుడు మింగిన సీసం అట్లా పుట్టబోయే బిడ్డకు చేరుతుంది. గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలను సూట్‌కేసులో దాచిపెట్టే అక్కలు ఈ మాట వినాలి.

పాలపళ్ళు చెప్పిన సాక్ష్యం

ఇదంతా ఎట్లా తెలిసింది? ఒక మంచి కథ ఉంది. మన బిడ్డలకు పాలపన్ను ఊడితే ఇంటిమీదికి విసిరేస్తాం. అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు ఆ పళ్ళను అడిగి తీసుకున్నాడు. బోస్టన్ నగరం పక్కన రెండు ఊళ్ళ బడిపిల్లల పళ్ళు అవి. పన్ను కూడా ఎముక లాంటిదే. ఎంత సీసం లోపలికి పోయిందో పన్నులో లెక్క ఉంటుంది.

ఆ బిడ్డల్లో ఎవరికీ రోగం లేదు. అందరూ బాగానే ఉన్నారు. అయినా పళ్ళలో సీసం ఎక్కువున్న బిడ్డలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారు. వాళ్ళకు చెప్పిన మాట మీద నిలకడ తక్కువ అని టీచర్లు కూడా చెప్పారు. ఏ బిడ్డ పంట్లో ఎంత సీసం ఉందో ఆ టీచర్లకు తెలియదు. ఇది 1979లో బయటికి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత అదే పిల్లల్ని మళ్ళీ వెదికారు. సీసం ఎక్కువున్న వాళ్ళలో బడి మధ్యలో మానేసినవాళ్ళు ఎక్కువగా తేలారు.

మన దేశంలోనూ వెదికారు. 1999లో బెంగళూరులోని జార్జ్ ఫౌండేషన్ ఏడు నగరాల్లో రక్త పరీక్షలు చేయించింది. అందులో హైదరాబాదు, చెన్నై, బెంగళూరు ఉన్నాయి. పన్నెండేళ్ళ లోపు బిడ్డల్లో సగం మందికి పైగా సీసం మితిమీరి ఉంది. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవాళ్ళు. బండి పొగలో సీసం వచ్చేది. 2000 సంవత్సరంలో మన దేశంలో ఆ పెట్రోలు ఆపేశారు. 2021 నాటికి ప్రపంచమంతా ఆపేసింది. పొగ ద్వారా వచ్చేది బాగా తగ్గింది. కానీ 2020లో యూనిసెఫ్ సంస్థ లెక్క వేస్తే ప్రపంచంలో ముగ్గురు బిడ్డల్లో ఒకరి రక్తంలో సీసం హద్దు దాటి ఉంది. అంటే 80 కోట్ల బిడ్డలు. పెట్రోలు పోయినా సీసం పోలేదు. మరి యాడ ఉంది?

బ్యాటరీ

ఆటో, ట్రాక్టరు, లారీ, ఇంట్లో ఇన్వర్టరు – అన్నిటికీ బ్యాటరీ ఉంటుంది. దాని బరువులో సగానికి పైగా సీసమే. మూసి ఉన్నంతవరకు దానితో భయం లేదు. పాతబడిన బ్యాటరీని పగలగొట్టి, సీసం కరిగించి, అచ్చు పోసేచోటే అసలు ప్రమాదం. ఆ పొగ, ఆ దుమ్ము, ఆ ఆమ్లం నీళ్ళు చుట్టుపక్కల మట్టిలో కలుస్తాయి. ఆ మట్టిలో బిడ్డలు ఆడుకుంటారు.

కుప్పం నుంచి ఎంతోమంది రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. మదనపల్లె, పుంగనూరు నుంచీ పోతారు. ఏ పనికి పోతున్నారో ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసి ఉండాలి. బ్యాటరీ పని, తుక్కు కరిగించే పని, పాత రంగు గీకే పని, టంకం పెట్టే పని అయితే జాగ్రత్త పడాలి. సాయంత్రం మగమనిషి ఇంటికొస్తాడు. బిడ్డ పరుగెత్తి ఎత్తుకోమంటాడు. చొక్కా నిండా సీసం దుమ్ము. ఎంత ప్రేమగా ఎత్తుకుంటే అంత దుమ్ము బిడ్డకు అంటుతుంది. ముందు చేతులు, ముఖం, తల కడుక్కోవాలి. బట్టలు మార్చుకోవాలి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలు వేరే బకెట్లో నానబెట్టాలి. బిడ్డ బట్టలతో కలపకూడదు. ఆ బట్టలు ఉతికేది ఎవరు? ఆడవాళ్ళే. గర్భవతి ఉంటే ఆమెతో ఉతికించకూడదు. ఎవరి బట్ట వాళ్ళు ఉతుక్కుంటే ఇంకా మంచిది. దీనికి ఏ మగవాడూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

పాత బ్యాటరీని వీధిలో తిరిగే తుక్కువాడికి వేయకండి. కొత్తది కొన్న అంగడిలోనే ఇచ్చేయండి. అంగడివాళ్ళు వెనక్కి తీసుకోవాలని 2001లోనే నియమం చేశారు.

చారు గిన్నె

ఇత్తడి గిన్నెకు కళాయి పూస్తారు. కళాయి తగరంతో పూయాలి. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ తెల్లగా మెరుస్తాయి. అందుకే కొందరు తగరంలో సీసం కలుపుతారు. మన పక్క తమిళనాడులో చారు కాచుకునే తగరపు గిన్నెలు వాడతారు. అటు వియ్యం అందుకున్న ఇళ్ళల్లో ఆ గిన్నెలు ఇక్కడా ఉన్నాయి. వాటిలోనూ ఇదే కల్తీ జరుగుతుంది. చూపుతో పసిగట్టడం ఎవరి తరమూ కాదు.

మదనపల్లె టమాటా దేశమంతా పోతుంది. ఆ టమాటా, చింతపండు, నిమ్మకాయ – అన్నీ పులుపే. పులుపు వేడి మీద ఉడికితే గిన్నెలోని సీసం కరిగి చారులోకి దిగుతుంది. టమాటా తప్పు ఏమీ లేదు, గిన్నెదే తప్పు. పులుపు వంటలు స్టీలు గిన్నెలోనో, కళాయి లేని మట్టిచట్టిలోనో చేసుకోండి. మట్టిచట్టికి లోపల తళతళలాడే రంగుపూత ఉంటే మాత్రం వద్దు. ఆ పూతలోనూ సీసం ఉండొచ్చు. తుక్కు కరిగించి పోతపోసిన అల్యూమినియం గిన్నెల్లో కూడా సీసం బయటపడింది. అమ్మమ్మ ఇచ్చిన గిన్నె అని మనసు ఒప్పకపోతే, అందులో బియ్యం పోసుకోండి. చారు మాత్రం కాచకండి.

సింధూరం, పసుపు, కాటుక

పసుపు, సున్నం కలిపి చేసిన కుంకుమలో సీసం లేదు. అంగట్లో దొరికే నారింజ ఎరుపు సింధూరం సంగతి వేరు. ఆ రంగు పొడి సీసంతో తయారయ్యేదే కావచ్చు. 2017లో అమెరికా పరిశోధకులు అక్కడా, ఇక్కడా కొన్న సింధూరం పొట్లాలు పరీక్షించారు. ఎక్కువ పొట్లాల్లో సీసం కనిపించింది. నుదుట పెట్టుకుంటే చర్మం గుండా పోయేది తక్కువ. ఆ చేత్తోనే ముద్ద కలిపి బిడ్డకు పెడితే కడుపులోకి పోతుంది. బొట్టు పెట్టుకున్నాక చేయి కడుక్కోండి. పొట్లాన్ని బిడ్డకు అందనీయకండి.

పసుపు గురించి బంగ్లాదేశ్ వాళ్ళు ఒక పాఠం నేర్పారు. అక్కడ పసుపుకొమ్ములు నిగనిగలాడాలని సీసం కలిసిన పచ్చరంగు పూసేవాళ్ళు. గర్భిణుల రక్తంలో సీసం చూసి, అది ఎక్కడినుంచి వచ్చిందో వెదికితే పసుపు దగ్గర తేలింది. 2019లో అంగళ్ళలో తీసిన నమూనాల్లో దాదాపు సగం కల్తీవే. ప్రభుత్వం జనానికి చెప్పింది, వర్తకులకు జరిమానా వేసింది. 2021 నాటికి ఆ కల్తీ నమూనా ఒక్కటీ దొరకలేదు. రెండేళ్ళ పని! మనసు పెడితే ఎంత తొందరగా అవుతుందో చూడండి. మరీ నిగనిగలాడే కొమ్ములకు ఆశపడకండి.

కాటుక విషయం తొందరగా చెప్పుకుందాం. ఆముదం దీపం మసితో చేసిన కాటుకలో సీసం లేదు. బయట అమ్మే సుర్మాలో సీసపు రాయి పొడి ఉండొచ్చు. బిడ్డ కంటికి ఏదీ పెట్టకపోతే ఇంకా మేలు.

తిరునాళ్ళలో "జ్ఞాపకశక్తికి, బలానికి" అని భస్మాలు అమ్ముతుంటారు. నాగభస్మం అంటే సీసంతో చేసిన భస్మం. మతి పెరగాలని మతిని చెరిపేది కొని తింటామా? చదువుకున్న వైద్యుడు చూసి రాయనిదే ఏ భస్మమూ బిడ్డకు పెట్టకండి.

ఇంటికి రంగు వేయిస్తే డబ్బా మీద చదవండి. చదవడం వచ్చు కదా! సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని 2016లో నియమం చేశారు. 2017 నవంబరు నుంచి అది అమలులో ఉంది. ఆ '90' అంకె డబ్బా మీద ఉండాలి. పాత తలుపుల రంగు పెచ్చులు ఊడుతుంటే పొడిగా గీకకండి. తడిపి తీయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి.

సంగటి ముద్ద

ఖాళీ కడుపుతో ఉన్న బిడ్డకు సీసం ఎక్కువ పడుతుంది. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుంది. అసలు చెవి లేని ఇంట్లో దొంగ చెవికి దారి సులువు. కాబట్టి బిడ్డను ఆకలితో బడికి పంపకండి.

మన సీమకు ఒక అదృష్టం ఉంది. రాగుల్లో ఉన్నంత కాల్షియం ఇంకే ధాన్యంలోనూ లేదు. బియ్యంలో ఉండేది అందులో చాలా చాలా తక్కువ. "సంగటి తినేది పేదోళ్ళు" అని సిగ్గుపడి మానేసిన ఇళ్ళు ఎన్ని లేవు? సంగటి, మునగాకు, పాలు, పెరుగు, చెనిక్కాయలు, బెల్లం, గుడ్డు – వీలైనవి పెట్టండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటపడుతుంది. తిండి సీసాన్ని కడిగెయ్యదు. చేరేదాన్ని తగ్గిస్తుంది. సీసం వచ్చే దారి మూయడమే అసలు మందు.

పరీక్ష

అనుమానం ఉంటే ఏం చెయ్యాలి? ఇంట్లో ఎవరైనా బ్యాటరీ పని, సీసం పని చేస్తుంటే, బిడ్డ చదువులో, మాటలో వెనకబడితే, ఊరికే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత ఉంటే డాక్టరుకు ఆ పని సంగతి చెప్పండి. మీరు చెప్పకపోతే డాక్టరుకూ తట్టదు. "బ్లడ్ లెడ్ పరీక్ష చేయించాలా?" అని అడగండి. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉండదు. పెద్ద ఆసుపత్రికి, పెద్ద ల్యాబుకు పంపాలి.

కాగితం వచ్చాక అంకె మీరే చదవండి. 5 లేక అంతకు మించి ఉంటే సీసం ఎక్కడినుంచి వస్తుందో వెదికి ఆపాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 5 కంటే తక్కువ ఉంటే మంచిదే. కానీ ఇంత సీసం అయితే పరవాలేదు అనే హద్దు మాత్రం లేదు. 45 దాటితే ఆసుపత్రిలో ఉంచి మందులు ఇస్తారు. ఆ మందులు రక్తంలోని సీసాన్ని బయటికి లాగుతాయి. జరిగిపోయిన నష్టాన్ని మాత్రం పూడ్చలేవు. ఇది కఠినమైన మాట. తల్లికి దాచిపెట్టకూడని మాట.

అయితే బిడ్డ మెదడు ఎదుగుతూనే ఉంటుంది. సీసం ఆగిపోతే కొత్త వాకిళ్ళు తెరుచుకుంటాయి. బిడ్డతో మాట్లాడండి, కథ చెప్పండి, ఆడించండి. ఒకసారికి రాకపోతే పదిసార్లు దిద్దించండి. మీరు దిద్దినట్టే. ఇంట్లో పలక ఇంకా ఉంటే దాన్ని దించి బిడ్డ చేతికివ్వండి. ముందు తడిగుడ్డతో ఒకసారి తుడవండి.